1/8 స్కేల్ టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్: ఇత్తడి గొట్టాల ఛాసిస్ వంకర పోకుండా ఎట్ల కట్టాలె?

పానగల్_స్కేల్, నల్లగొండ

అన్నలకు నమస్తే. కిట్టు లేకుండా మొత్తం చేత్తోనే 1/8 స్కేల్‌ల టాప్ ఫ్యూయెల్ డ్రాగ్‌స్టర్, అంటే నేరు దారిల పందెం కొట్టే పొడుగు కారు మోడల్ కడదామని లెక్కలేసుకుంటున్న. అసలు కారు వీల్‌బేస్ (ముందు వెనుక చక్రాల నడుమ దూరం) 300 అంగుళాలు, అంటే 7620 మి.మీ. ఎనిమిదితో భాగిస్తే 952.5. వెనుక టైరు 36 అంగుళాల ఎత్తు, 17.5 వెడల్పు, 16 అంగుళాల రిమ్ము. మోడల్‌కు 114.3, 55.6, 50.8 మి.మీ. వస్తున్నయి. ఇంతవరకు సాఫ్‌గనే ఉంది.

మీటరుకు దగ్గర పొడుగున్న ఛాసిస్‌ను 4 మి.మీ. ఇత్తడి గొట్టంతో కడితే టంకం వేడికి మెలి తిరుగుతదా? వెండి టంకం మంచిదా, మామూలు సీసం టంకం చాలా? వెనుక టైర్లు దేంతో పొయ్యాలె? సన్న సామాన్లు ఇక్కడిక్కడ్నే ఏమన్న దొరుకుతయా? బల్ల మీద పెట్టే చిన్న లేతు, చిన్న గ్రైండరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఉన్నయి. 3డీ ప్రింటింగ్ బయట చేయించుకుంట.

పిల్లలమర్రి_లేత్, మహబూబ్‌నగర్

తమ్మీ, ముందు కారు ఏ ఏడుదో ఖాయం చేసుకో. డాన్ గార్లిట్స్ 1971ల ఇంజన్‌ను డ్రైవర్ వెనుకకు మార్చినంక కారు రూపమే మారింది. 2012 నుంచి డ్రైవర్ మీద మూత ఉన్న కార్లు కూడా వచ్చినయి. రెండు కాలాల ఫొటోలు కలిపి కడితే తెలిసినోడు చూడంగనే పట్టేస్తడు.

గొట్టం సైజు నువ్వనుకున్నది సరిపోతది. 1¼ అంగుళాల అసలు గొట్టం 3.97 మి.మీ. అయితది, 4 పెట్టుకో. ఏటవాలు కడ్డీలకు 5/8 అంగుళం అంటే 2 మి.మీ. అన్నిటికీ 4 వాడితే ఛాసిస్ మంచె లెక్క మొద్దుగ కనబడ్తది.

వెండి టంకం పొడుగు గొట్టాల మీద వద్దు. దానికి 600 డిగ్రీలు దాటిన వేడి కావాలె. ఆ వేడికి ఇత్తడి మెత్తబడ్తది, చల్లారినంక కూడా పాత బిగువు రాదు. జోడు జోడుకు మెత్తబడ్డ గొట్టం మధ్యల వేలితో నొక్కినా వంగుతది. వెనుక యాక్సిల్ పట్టీలు, ఇంజన్ ప్లేటు చెవులు లాంటి చిన్న ముక్కలను విడిగా వెండి టంకంతో, వెలిగారం వేసి చేసుకో. కంసాలి దుకాణంలనైనా చేసిపెడ్తరు. తర్వాత వాటిని ఛాసిస్‌కు 60/40 సీసం టంకంతో అతికించు. అది 190 డిగ్రీల దగ్గరనే కరుగుతది కాబట్టి ముందు వేసిన వెండి జోడు కదలదు.

25 వాట్ల ఐరన్ పక్కన పెట్టు. చిన్న ఐరన్‌తో వేడి తక్కువ తగుల్తదని చాలామంది అనుకుంటరు, జరిగేది ఉల్టా. జోడు కరిగేసరికి నిమిషం పడ్తది, ఆలోపల వేడి గొట్టం వెంబడి పోయి పక్క జోడును వదులు చేస్తది. 80 వాట్లది, వెడల్పు ముక్కుది తెచ్చుకో. మూడు నాలుగు సెకన్లల పని అయిపోవాలె. పక్క జోడుకు తడిబట్ట చుట్టు.

డ్రాయింగ్‌ను ప్లాటర్ మీద ఏ0 కాగితానికి తీయించు. ఫ్లెక్సు మీద వద్దు, సాగుతది. డ్రాయింగ్‌లనే 500 మి.మీ. గీత ఒకటి పెట్టి, ప్రింటు వచ్చినంక స్టీలు స్కేలుతో కొలువు. అర మిల్లీమీటరు తేడా ఉన్నా మళ్ల తీయించు. కాగితాన్ని 18 మి.మీ. ఎండీఎఫ్ పలక మీద అంటించి, గొట్టానికి రెండు దిక్కుల సన్న మొలలు కొట్టు, ఇదే జిగ్గు. ముందు పక్క ఫ్రేములు రెండూ ఒకే జిగ్గు మీద చెయ్యి. రెండోదాన్ని తిప్పి పెడితే ఎడమ కుడి సరిపోతయి.

తర్వాత వరుస ఇది. రెండు ఫ్రేములను నిలబెట్టి, వెనుక యాక్సిల్ దగ్గర మొదలుపెట్టి ముక్కు దాకా అడ్డకడ్డీలన్నిటికీ ఒక్కో చుక్క టంకమే వెయ్యి. నిండుగ వెయ్యకు. గ్రానైట్ షాపులల్ల మిగిలిన పొడుగు ముక్క ఒకటి తెచ్చుకొని, దాని మీద పెట్టి కింది గొట్టాల సందులల్ల ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్న రేకు) దూర్చి చూడు. 0.3 మి.మీ. లోపల ఉంటే నింపుడు మొదలుపెట్టు. ఎడమ పైది ఒకటి, కుడి కిందిది ఒకటి, మళ్ల ముక్కు దగ్గర ఒకటి, ఇట్ల దూరం దూరంగ. ఒకే దిక్కు వరుసపెట్టి నింపుకుంట పోతే ఆ దిక్కుకే గుంజుకుంటది, జిగ్గుల నుంచి తీసినంక ముక్కు పక్కకు చూస్తది.

చివరలు మూసుకున్న ప్రతి గొట్టానికి కనబడని దిక్కు 0.8 మి.మీ. తూటు ఒకటి కొట్టు. లేకుంటే లోపలి గాలి వేడికి ఉబ్బి, కరిగిన టంకాన్ని బయటికి ఊదేస్తది. జోడు పైకి నున్నగనే కనబడ్తది, లోపల బోలు. గొట్టం చివర చేపనోరు లెక్క కొయ్యడానికి 4 మి.మీ. గుండ్రటి ఆకురాయి చాలు.

మూసీ_మోడల్స్, మిర్యాలగూడ

పైన చెప్పినవాటికి ఒక చేర్పు. కింది రెండు గొట్టాల లోపల 3 మి.మీ. స్టీలు కడ్డీ దూర్చి అతికించండి. గొట్టం మందం 0.5 అయితే లోపలి కొలత సరిగ్గా 3 ఉంటుంది, కాబట్టి కడ్డీని ఎమెరీ కాగితంతో కొంచెం తీయాల్సి వస్తుంది. మధ్యలో కుంగదు.

టైర్ల సంగతి. ఈ కొలతకు నిండు టైరు పోస్తే ఒక్కోదానికి 460 మి.లీ. దాకా పాలీయురేథేన్ రబ్బరు పడుతుంది, బరువు అరకిలో దగ్గరికి వస్తుంది. ఖర్చు అటుంచి, ఏడాది నిలబెడితే కింద చదునవుతుంది. లోపల 98 మి.మీ. వ్యాసం, 40 వెడల్పున్న బోలు రింగు ప్రింటు చేయించి పెడితే రబ్బరు 240 మి.లీ. లోపే సరిపోతుంది. పైన 8 మి.మీ. పొర ఉంటుంది కాబట్టి చేతికి రబ్బరులాగే తగులుతుంది.

మాస్టర్‌ను, అంటే అచ్చు తీసే మూల నమూనాను, ఎండీఎఫ్ ముక్కలు అంటించి లేతు మీద తిప్పుకోండి. ముందే మీ లేతు స్వింగ్ (ఎక్కే గరిష్ఠ వ్యాసం) చూసుకోండి, 115 మి.మీ. కొన్ని చిన్న లేతుల మీద ఎక్కదు. శాండింగ్ సీలరు మూడు పూతలు వేయకపోతే చెక్క పీచు గుర్తులు సిలికాన్‌లోకి అచ్చంగా దిగుతాయి. అచ్చు రెండు భాగాలు, కలిసే గీత ట్రెడ్ నడిమధ్యలో పెట్టండి. ఇది స్లిక్ టైరు, గాడులుండవు, కాబట్టి ఆ గీతను లేతు మీదే ఎమెరీతో తీసేయొచ్చు. పక్కగోడ మీద గీత పడితే మాత్రం అక్షరాల దగ్గర తీయడం నరకం.

ప్లాటినం సిలికాన్ వాడితే గంధకం ఉన్న బంకమట్టి దగ్గరికి రానీయకండి, తగిలినచోట గట్టిపడకుండా జిగటగా మిగిలిపోతుంది. టిన్ సిలికాన్‌కు ఆ బాధ లేదు. ఇక పాలీయురేథేన్‌కు తేమే శత్రువు. వానాకాలంలో డబ్బా మూత తీసి పెడితే రబ్బరంతా బుడగలే. ఇది ఎండాకాలం చేసుకునే పని.

గడియారం_సెంటర్, నల్లగొండ

స్టీలు కడ్డీ అవసరం లేదన్నా. ఏటవాలు కడ్డీలు ప్రతి గడిలో సరిగ్గా పడితే ఛాసిస్ తనంతట తానే నిలుస్తది. ఇంజన్ బరువు కూడా వెనుక చక్రాల దగ్గరనే ఉంటది. కడ్డీ దూర్చిన గొట్టం రెట్టింపు వేడి తాగుతది, టంకం సరిగ్గ కరగక చల్ల జోడయ్యే ప్రమాదం ఎక్కువ.

సామాన్లకు వస్తే:

రేడియో యాంటెన్నా. ఒకదాంట్లో ఒకటి దూరే పలచటి ఇత్తడి గొట్టాలు 2 నుంచి 7 మి.మీ. దాకా దొరుకుతయి, పాత టీవీ రిపేరు షాపులల్ల అడుగుండ్రి. పైన క్రోమ్ ఉంటది, దాని మీద టంకం పట్టదు. జోడు దగ్గర ఇత్తడి పసుపు కనబడేదాకా ఎమెరీ కొట్టాలె.

ఆఫ్‌సెట్ ప్రింటింగ్ ప్లేట్లు. బాడీ రేకులకు 0.3 మి.మీ. అల్యూమినియం ఇంతకంటే చవకగ దొరకదు. వంచేముందు బట్టల సబ్బుతో ఒక గీత గీసి, వెనుక నుంచి మంట చూపెట్టు. సబ్బు నల్లబడంగనే ఆపెయ్యి, అప్పటికి రేకు మెత్తబడ్తది. ఇంకా కాలిస్తే ఒక్కసారిగ జారిపోతది, అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు.

ఆర్‌జీ174 కేబుల్. పై తొడుగు ఒలిస్తే లోపల తగరం పూసిన అల్లిక 2 మి.మీ. మందంల వస్తది, అల్లిక ఫ్యూయెల్ పైపులకు అచ్చు అదే. ఆ పైపుల చివరలుండే పెద్ద నట్లకు ఎం2 నట్టు సరిపోతది, 4 మి.మీ. ముఖం. ఆ నట్లకు ముందు వెండి రంగు, దాని మీద పారదర్శకం నీలం, ఎరుపు. కేబుల్‌కు మాత్రం కోఠి గుజరాతీ గల్లీకి పోక తప్పదు.

బ్లోవర్ (ఇంజన్‌లకు గాలి నెట్టేది) బెల్టుకు 3డీ ప్రింటర్లల్ల వాడే జీటీ2 బెల్టు తీసుకో, 10 మి.మీ. వెడల్పుది. 14 మి.మీ. పిచ్ (పన్నుకు పన్నుకు దూరం) అసలు బెల్టు 1/8ల 1.75 అయితది, జీటీ2 పిచ్ 2. ఎవరూ పండ్లు లెక్కపెట్టరు.

పానగల్_స్కేల్, నల్లగొండ

మస్తు థాంక్స్ అన్నా అందరికీ. ఇంకోటి. ఎనిమిది ఎగ్జాస్ట్ గొట్టాలకు ఏసీ వాళ్ల పావు అంగుళం రాగి గొట్టం నడుస్తదా? ఇంజన్ కొలతలకు ఆధారం ఏం పట్టుకోవాలె?

పిల్లలమర్రి_లేత్, మహబూబ్‌నగర్

పావు అంగుళం అంటే 6.35, అసలు లెక్కల 2 అంగుళాలే. 2¼ గొట్టానికి 7.1 రావాలె. పక్కపక్కన ఎనిమిది నిలబడ్డప్పుడు సన్నగ ఉన్నట్టు కనబడ్తది. 7 మి.మీ. ఇత్తడి గొట్టమే తీసుకో. మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి మెత్తగ చెయ్యి. సన్న ఇసుకను పెనం మీద వేయించి, చల్లార్చి, గొట్టంల దట్టించి రెండు దిక్కుల బిగించి, చెక్క అచ్చు మీద వంచు. ఇసుక నింపినంక మళ్ల మంట పెట్టకు, కొంచెం తేమ మిగిలి ఉన్నా బిరడా ఎగిరి మొహానికి తగుల్తది. ఎనిమిదిటినీ పొడుగ్గ వంచుకొని, బిగించినంకనే మూతులు ఒకే వాలుకు కొయ్యి.

ఇంజన్‌కు కొలమానం సిలిండర్ల మధ్య దూరం. ఈ 500 క్యూబిక్ అంగుళాల ఇంజన్‌కు మూలం క్రైస్లర్ 426 హెమీ, దాంట్ల ఆ దూరం 4.8 అంగుళాలు. మోడల్‌కు 15.24 మి.మీ. పక్క నుంచి తీసిన ఫొటోల మొదటి గొట్టం నుంచి నాలుగోదాకా 45.7 వచ్చేటట్టు పెద్దది చేసి ప్రింటు తియ్యి, మిగతావన్ని దాని మీదనే కొలువు. టైరును ఆధారం పట్టకు, అది కెమెరాకు దగ్గరగ ఉంటది కాబట్టి ఇంజన్ చిన్నగ లెక్క వస్తది. సిలిండర్‌కు రెండు ప్లగ్గులు, మొత్తం 16, వాటికి కరెంటు ఇచ్చే మ్యాగ్నెటోలు రెండు. తీగలకు బయటి మందం 1 మి.మీ. చాలు. ఒక్కో మ్యాగ్నెటో నుంచి ఎనిమిది తీగలు రావాలె. వాల్వ్ కవర్లకు తూట్లు రంగు వెయ్యకముందే కొట్టుకో.