క్లౌడ్ యాప్‌కి హెచ్‌టీటీపీ 2 ఆన్ చేయాలా, 1.1 మీదే వదిలేయాలా?

కొత్తబిచ్చగాడు: మా యాప్ క్లౌడ్‌లో లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే రిక్వెస్టుల్ని సర్వర్లకు పంచేది) వెనకాల నడుస్తోంది. సెట్టింగ్స్‌లో హెచ్‌టీటీపీ (బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి) వెర్షన్ 1.1 అని ఉంది, పక్కనే 2.0 ఆప్షన్ కనిపిస్తోంది. మారిస్తే పేజీలు తొందరగా తెరుచుకుంటాయా? ఏమన్నా చెడుతుందా?

పోర్ట్443: ఇందులో అడగడానికేముంది, మార్చెయ్. 2015 నుంచీ ఉన్నదే. 1.1లో బ్రౌజర్ ఒక హోస్ట్‌కి మహా అయితే ఆరు కనెక్షన్లు తెరుస్తుంది, చిన్న చిన్న ఫైళ్లు ఎక్కువుంటే మిగతావన్నీ క్యూలో నిలబడాల్సిందే. 2లో అన్నీ ఒకే కనెక్షన్ మీద వెళ్లిపోతాయి. హెచ్‌టీటీపీఎస్ మాత్రం ఉండాలి, లేకపోతే బ్రౌజర్లు 2 జోలికే రావు. పనిలో పని హెచ్‌టీటీపీఎస్‌లో డేటాకి తాళం వేసే టీఎల్‌ఎస్ ఉంది చూడు, దాని పాత వెర్షన్లు 1.0, 1.1 కూడా ఆపేయ్, 2021లోనే వాటికి నీళ్లొదిలేశారు.

నైట్‌డ్యూటీ: "మార్చెయ్" అనేవాళ్లకేం, హాయిగా నిద్రపోతారు. మా దగ్గర ఒకాయన ఇలాగే సాయంత్రం మార్చి ఇంటికెళ్లిపోయాడు. ఆ రాత్రి నుంచి ఉండుండి 502 ఎర్రర్లు (వెనక సర్వర్ నుంచి సరైన జవాబు రాలేదని బ్యాలెన్సర్ చెప్పేవి), పేజీ రిఫ్రెష్ చేస్తే మళ్లీ మామూలే, లాగుల్లో ఓ పట్టాన దొరకదు. ఫోన్లు ఎవరికొచ్చాయి? నాకు. అయినా 2023లో ర్యాపిడ్ రీసెట్ దాడి మర్చిపోయారా? 2లో ఒకే కనెక్షన్ మీద ఒక్కో రిక్వెస్ట్‌కి ఒక్కో స్ట్రీమ్ ఉంటుందిగా, అది తెరవడం, వెంటనే రద్దు చేయడం, అలా లక్షల రిక్వెస్టులతో సర్వర్లను ముంచేశారు. 1.1లో ఆ బెడద లేదు.

పోర్ట్443: దానికి ప్యాచ్‌లు వచ్చేశాయి. నువ్వు ముందు ఇది చెప్పు, మీ బ్యాలెన్సర్ నుంచి బ్యాకెండ్‌కి, అంటే వెనకున్న అసలు సర్వర్‌కి, ఏ హెచ్‌టీటీపీ వెర్షన్?

నైట్‌డ్యూటీ: మార్చాకే 502లు వచ్చాయి అంటుంటే వెర్షన్ గొడవేంటి?

పోర్ట్443: బయట 2 పెట్టినా లోపలికి 1.1లోనే వెళ్లే సెటప్పులు బోలెడు. అలాగైతే నీది కాకతాళీయం. ఏ వెర్షన్?

నైట్‌డ్యూటీ: 1.1. అయితే?

లాగ్‌పురుగు: బ్యాకెండ్ నోడ్ జేఎస్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది) అయితే కీప్ అలైవ్ టైమౌట్, అంటే ఖాళీ కనెక్షన్‌ని ఎంతసేపు తెరిచి ఉంచుతుందో, చూడండి. చాలా వెర్షన్లలో డిఫాల్ట్ 5 సెకన్లే. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్‌కి 60. సర్వర్ కనెక్షన్ మూసేస్తున్న క్షణంలోనే బ్యాలెన్సర్ దాని మీద రిక్వెస్ట్ పంపితే 502. బ్యాకెండ్‌ది 65 పెట్టండి.

నైట్‌డ్యూటీ: నోడే. ఆ రోజే కొత్త బ్యాలెన్సర్ కూడా పెట్టాడు మహానుభావుడు.

పోర్ట్443: ఇక్కడ హెచ్‌టీటీపీ 2 చేసిన పాపమేంటో చెప్పు ఇప్పుడు!

నైట్‌డ్యూటీ: ఎగతాళి ఆపండి. ఎవరికీ చెప్పకుండా, ఎక్కడా రాయకుండా కన్సోల్‌లో రెండు క్లిక్కులు కొట్టి పోతే, ఏది మారిందో తెలియక చీకట్లో వెతికింది నేను. హెచ్‌టీటీపీ 2 మీద నాకేం పగ లేదు, ఇలా మార్చి పోయేవాళ్ల మీదే.

పోర్ట్443: చెప్తే ఏం జరుగుతుందో నాకు తెలుసు. పాత టీఎల్‌ఎస్ మూయమని టికెట్ పెడితే "ఇప్పుడు బాగానే నడుస్తోందిగా" అని నెలల తరబడి పక్కన పడేశారు, ఆడిట్ వాళ్లు రాస్తే గానీ కదల్లేదు. మీ అప్రూవల్స్ తట్టుకోలేకే జనం చెప్పకుండా మారుస్తారు.

కొత్తబిచ్చగాడు: అన్నా, మరి నేనేం చేయను?

లాగ్‌పురుగు: ముందు టెస్ట్‌లో మార్చు, టైమౌట్లు సరిచూసుకో. జీఆర్‌పీసీ (హెచ్‌టీటీపీ 2 మీద సర్వీసులు ఒకదాన్నొకటి పిలిచే పద్ధతి) వాడుతుంటే బ్యాకెండ్ దాకా 2 కావాలి, లేదంటే బ్రౌజర్ వైపు చాలు. వెబ్‌సాకెట్లు (చాట్ లాంటివాటికి తెరిచే ఉంచే రెండు వైపుల కనెక్షన్లు) ఉంటే అవీ ఒకసారి చూడు.

నైట్‌డ్యూటీ: అప్రూవల్ వద్దనేవాళ్లు రాత్రి ఫోన్ కూడా వాళ్లే ఎత్తాలి.

పోర్ట్443: ఎత్తుతా. రోల్‌బ్యాక్ పర్మిషన్, అంటే మార్పు వెనక్కి తీసుకునే హక్కు, ఇస్తారా మరి?

నైట్‌డ్యూటీ: అదొక్కటీ అడగొద్దు.