36 అంగుళాల పొడవు జీన్స్ హనుమకొండలో ఎవరు కుడతారు?

నా ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, నడుము 32. తొడల మధ్య కుట్టు నుంచి మడమ దాకా 36 అంగుళాలు కావాలి. హనుమకొండ చౌరస్తా దుకాణాలన్నీ తిరిగాను, 34కు మించి పొడవు లేదు. నడుము 36 ఉన్నది కొని బిగింపిస్తే వెనక జేబులు రెండూ ఒకదానికొకటి ఆనుకుపోయాయి, పొడవు మాత్రం పెరగలేదు. ఇంకొకదానికి అంచు మడత విప్పించి అంగుళం రాబట్టాను. పాత మడత దగ్గర తెల్లని గీత ఉండిపోయింది. పైగా నూలు బట్ట కదా, రెండు ఉతుకులకే ముప్పావు అంగుళం కుంచించుకుపోయింది. బైకు ఎక్కితే చీలమండ పైన నాలుగు వేళ్ల మేర కాలు కనిపిస్తోంది, నాకు చాలా ఇబ్బందిగా ఉంది.

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లలో మందపాటి డెనిమ్ బట్టను ముందే తడిపి, జంట కుట్టుతో కొలతకు జీన్స్ కుట్టే దర్జీ మీకెవరైనా తెలుసా?