కరెంటు ఎగుడుదిగుళ్ల నుంచి ఇంటి కంప్యూటర్‌ను కాపాడుకోవడానికి యూపీఎస్ ఒక్కటి సరిపోతుందా?

ప్రశ్న (తణుకు నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గరే ఉండి నలుగురు బియ్యం వ్యాపారుల లెక్కలు కంప్యూటర్‌లో రాసిపెడుతుంటాను. గత నెలలో ఒక సాయంత్రం ఈదురుగాలి వీస్తుండగా కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు దేవుడి గదిలోని చిన్న ఫిలమెంటు బల్బు ఎప్పుడూ లేనంత తెల్లగా వెలిగింది, ఫ్యాను విపరీతమైన వేగంతో తిరిగింది, నేను లేచి స్విచ్చి దగ్గరికి వెళ్లేలోపే కంప్యూటర్ డబ్బాలో టప్‌మని చప్పుడు వచ్చి కాలిన వాసన గది నిండా వ్యాపించింది. విచిత్రమేమిటంటే, అదే సమయంలో ఎదురింటివారి దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి.

ఎస్‌ఎంపీఎస్‌తో (గోడ కరెంటును కంప్యూటర్‌కు తగినట్లు మార్చి ఇచ్చే డబ్బా) పాటు మదర్‌బోర్డు కూడా పోయిందని మరమ్మతు చేసేవారు చెప్పారు. హార్డ్ డిస్కు బతికింది కాబట్టి లెక్కలు దక్కాయి. కంప్యూటర్‌ను స్పైక్ గార్డుకే (ఉప్పెనను అడ్డుకునే ప్లగ్గుల పట్టీ) తగిలించాను, అయినా ఇలా జరిగింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ దాని లైను ఫ్యాన్లకు, దీపాలకు మాత్రమే ఇచ్చారు.

ఇప్పుడు కొత్త కంప్యూటర్ తెచ్చుకున్నాను. కరెంటు పోగానే బ్యాటరీతో కంప్యూటర్‌ను నడిపే యూపీఎస్‌లో 600 వీఏది (వోల్ట్ ఆంపియర్, అది మోయగల బరువుకు కొలత) కొంటే చాలునా, 1 కేవీఏ (1000 వీఏ) తీసుకోవాలా? యూపీఎస్ ఉంటే మళ్లీ ఇలాంటిది జరగకుండా ఉంటుందా? ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో యూపీఎస్ అవసరమేనా? మరొక చిన్న విషయం కూడా అడగాలి. చెప్పులు లేకుండా కూర్చున్నప్పుడు కంప్యూటర్ వెనక భాగానికి చెయ్యి తగిలితే సన్నగా జిల్లుమంటుంది. పాత కంప్యూటర్‌కూ అలాగే ఉండేది, కొత్తదానికీ అలాగే ఉంది. దీనికీ జరిగిన నష్టానికీ సంబంధం ఉందా?

జవాబు 1 (ఖమ్మం నుంచి, ఇళ్ల వైరింగు పని చేస్తాను)

అమ్మా, మీరు ఎదురింటి దీపాల సంగతి రాయడం మంచిదైంది. దాన్నిబట్టి ఆ రోజు ఏం జరిగిందో దాదాపుగా చెప్పవచ్చు. అది పిడుగు వల్ల జరిగినది కాదు, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగడం వల్లనో వదులు కావడం వల్లనో జరిగినది.

వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మూడు ఫేజులు (కరెంటును తెచ్చే తీగలు), ఒక న్యూట్రల్ వస్తాయి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటే, ఒక ఫేజుకూ ఇంకొక ఫేజుకూ మధ్య దాదాపు 400 వోల్టులు ఉంటాయి. వీధిలోని ఇళ్లను మూడు ఫేజులకూ పంచుతారు గానీ న్యూట్రల్ అందరికీ ఒక్కటే. గాలికి ఆ న్యూట్రల్ తీగ స్తంభం మీద తెగిందనుకోండి, అప్పుడు మీ ఇల్లూ ఎదురిల్లూ ఒకే దండలోని రెండు పూసల్లాగా ఆ 400 వోల్టుల మధ్య వరుసగా చేరిపోతాయి. ఎక్కువ సామాను నడుస్తున్న ఇంటికి వోల్టేజి పడిపోతుంది, తక్కువ నడుస్తున్న ఇంటికి పెరిగిపోతుంది. మీ ఇంట్లో ఆ సమయంలో రెండు ఫ్యాన్లూ ఒక కంప్యూటరూ మాత్రమే నడుస్తూ ఉండి ఉంటాయి, వాళ్లింట్లో ఏ గీజరో మోటారో నడుస్తూ ఉండి ఉంటుంది.

స్పైక్ గార్డు దీనిని ఆపలేదు. అందులో ఉండే రక్షణ భాగం రూపాయి బిళ్లంత ఉండే వేరిస్టర్. క్షణంలో వెయ్యోవంతు కూడా నిలవని ఉప్పెనను అది మింగగలదు గానీ, 350 వోల్టులు అర నిమిషం నిలిచి ఉంటే అదే వేడెక్కి మాడిపోతుంది. మీ స్పైక్ గార్డును విప్పించి చూస్తే ఆ బిళ్ల పగిలి, చుట్టూ నల్లటి మసి కనిపించవచ్చు. అటువంటిది మళ్లీ వాడవద్దు. దాని మీది చిన్న దీపం వెలుగుతున్నంత మాత్రాన రక్షణ ఉన్నట్లు కాదు.

దీనికి మందు మీటరు బోర్డు దగ్గర ఉండాలి. ఓవర్ వోల్టేజి–అండర్ వోల్టేజి ప్రొటెక్టర్ అని ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే పడిపోయే స్విచ్చి) పక్కనే బిగించే చిన్న పరికరం దొరుకుతుంది. వోల్టేజి 270 దాటగానే ఇంటి మొత్తానికి సరఫరా ఆపేసి, మామూలు స్థితికి వచ్చి కాసేపు నిలకడగా ఉన్న తరువాతనే మళ్లీ ఇస్తుంది. కంప్యూటర్‌తో పాటు ఫ్రిజ్జూ టీవీ కూడా బతుకుతాయి. యూపీఎస్ కొనే డబ్బులో కొంత ముందు దీనికి పెట్టమని నా సలహా.

ఇక జిల్లుమనడం గురించి. దానిని తేలికగా తీసుకోవద్దు. మీ ప్లగ్గులో మూడో పిన్నుకు ఎర్త్ అందడం లేదనడానికి అది గుర్తు. ఎస్‌ఎంపీఎస్ లోపల ఫేజుకూ డబ్బాకూ మధ్య ఒకటి, న్యూట్రల్‌కూ డబ్బాకూ మధ్య ఒకటి చిన్న కెపాసిటర్లు (విద్యుత్తును నిలువ చేసుకునే భాగాలు) ఉంటాయి. ఎర్త్ సరిగా ఉంటే ఆ కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే డబ్బా మీద సగం వోల్టేజి తేలుతూ ఉంటుంది. ఆ రోజు నష్టానికి ఇది కారణం కాకపోవచ్చు గానీ, పిడుగుపాటు సమయంలో ఉప్పెనను భూమిలోకి దింపే దారి మీ ఇంట్లో లేదన్నమాట. మీటరు బోర్డు నుంచి ఎర్త్ గుంత వరకు తీగ ఎక్కడైనా తెగిందేమో ఎలక్ట్రీషియన్ చేత చూపించండి, మీరు స్వయంగా ముట్టుకోవద్దు.

జవాబు 2 (విజయవాడ నుంచి, కంప్యూటర్ మరమ్మతులు చేస్తుంటాను)

పైన చెప్పినదంతా నిజం. వేసవి చివర గాలివానలు మొదలవగానే మా బల్ల మీదికి ఇటువంటి ఎస్‌ఎంపీఎస్‌లు వరుసగా వస్తాయి. మూత విప్పగానే పెద్ద కెపాసిటర్ల తలలు ఉబ్బి, కొన్ని చిట్లి, లోపలి కాగితపు చుట్ట బయటికి వచ్చి ఉంటుంది. 230 వోల్టుల ఏసీని డీసీగా మార్చినప్పుడు ఆ కెపాసిటర్ మీద దాదాపు 325 వోల్టులు నిలుస్తాయి, సరఫరా 350కి పెరిగితే అది 495కి చేరుతుంది. ఆ కెపాసిటర్లు మామూలుగా 400 లేదా 450 వోల్టుల వరకే తట్టుకుంటాయి.

ఇళ్లలో వాడే లైన్ ఇంటరాక్టివ్ రకం యూపీఎస్ (మామూలుగా గోడ కరెంటునే సరిచేసి ఇస్తూ, అవసరమైతేనే బ్యాటరీకి మారేది) తన హద్దు దాటిన వోల్టేజి రాగానే బ్యాటరీకి మారి కంప్యూటర్‌ను వేరుచేస్తుంది. అయితే దాని లోపలి ముందు భాగం లైనుకు అంటుకునే ఉంటుంది కాబట్టి 380 వోల్టులు వస్తే యూపీఎస్సే బలి కావచ్చు. కంప్యూటర్ మిగిలినా యూపీఎస్ పోతుంది. బోర్డు దగ్గర ప్రొటెక్టరూ, బల్ల దగ్గర యూపీఎస్సూ రెండూ ఉండాలని నేను చెప్పడానికి కారణం ఇదే.

సైజు విషయానికి వస్తే, వీఏను చూసి మోసపోకూడదు. ఇళ్లకు అమ్మే 600 వీఏ యూపీఎస్ చాలావరకు 360 వాట్లకే సరిపడుతుంది. లెక్కలు రాసుకునే కంప్యూటరూ ఎల్‌ఈడీ మానిటరూ కలిపి 150 వాట్లకు మించవు కాబట్టి మీకు అది చాలు. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ అయితేనే 1 కేవీఏ గురించి ఆలోచించాలి. ఎంతసేపు నిలుస్తుందన్నది బ్యాటరీని బట్టి ఉంటుంది. 600 వీఏలో సాధారణంగా 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్ అవర్, బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత) బ్యాటరీ ఒకటి ఉంటుంది. కాగితం మీద అది 84 వాట్ అవర్లే అయినా, ఆ 7 ఏహెచ్ అన్న లెక్క 20 గంటలపాటు మెల్లగా వాడితే వచ్చేది. 150 వాట్లు ఒక్కసారిగా లాగితే సగం కూడా చేతికి అందకపోవచ్చు. అందువల్ల కొత్తలో పదిహేను నిమిషాలు వస్తే సంతోషించాలి. పని కొనసాగించడానికి కాక, ఫైలు భద్రపరచి పద్ధతిగా ఆపుకోవడానికే యూపీఎస్ అనుకోండి.

కొనేటప్పుడు వెనక యూఎస్‌బీ రంధ్రం ఉన్నదాన్నే అడగండి. ఆ తీగను కంప్యూటర్‌కు కలిపితే, బ్యాటరీ అయిపోవచ్చేసరికి మీరు వంటింట్లో ఉన్నా కంప్యూటర్ తనంతట తానే ఆగిపోయేలా అమర్చుకోవచ్చు. లెక్కల ఫైలు రాస్తుండగా కరెంటు పోతే ఫైలు సగంలో తెగిపోయే ప్రమాదం ఉంది, మీ పనికి అదే అన్నిటికన్నా పెద్ద నష్టం. అలాగే మీ ఎస్‌ఎంపీఎస్‌లో యాక్టివ్ పీఎఫ్‌సీ (లైను నుంచి కరెంటును సమంగా లాగేలా చేసే ఏర్పాటు) ఉంటే, మెట్ల ఆకారపు తరంగం ఇచ్చే చౌక యూపీఎస్ బ్యాటరీకి మారిన క్షణంలోనే కంప్యూటర్ ఆగిపోవడం చూశాను. దుకాణంలో మీ కంప్యూటర్‌నే తగిలించి, ప్లగ్గు లాగి చూపమనండి.

జవాబు 3 (విశాఖపట్నం నుంచి)

ఇన్వర్టర్ గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి నా అనుభవం రాస్తున్నాను. ఇన్వర్టర్ వెనక చిన్న స్విచ్చి ఉంటుంది, దానిని యూపీఎస్ మోడ్‌లో పెడితే మారే సమయం బాగా తగ్గుతుంది, కంప్యూటర్ ఆగకుండా నడుస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ 16 మిల్లీ సెకన్ల వరకు ఖాళీని భరించగలదు. అయినా నేను ఇన్వర్టర్ లైను మీద యూపీఎస్‌ను కూడా పెట్టుకున్నాను. కరెంటు పోతే మొదటి కుదుపును యూపీఎస్ తట్టుకుంటుంది, ఆ తరువాత గంటల తరబడి ఇన్వర్టర్ మోస్తుంది. ఒక్క షరతు ఏమిటంటే ఇన్వర్టర్ సైన్ వేవ్‌ది (గోడ కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చేది) అయి ఉండాలి. మా ఇంట్లో మొదట స్క్వేర్ వేవ్‌ది (చతురస్రపు తరంగం ఇచ్చేది) ఉండేది. దాని కరెంటును యూపీఎస్ ఒప్పుకోక మాటిమాటికీ బ్యాటరీకి మారి, చివరికి కీచుమంటూ ఆగిపోయేది.

మరొక మాట. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన తరువాత మాకు రోజుల తరబడి కరెంటు లేదు. అంతటి విపత్తుకు ఏ యూపీఎస్సూ పనికిరాదు. కానీ కరెంటు తిరిగి వచ్చే మొదటి నిమిషాల్లో అది నిలకడగా ఉండదని అప్పుడు అర్థమైంది. ఈనాటికీ పెద్ద గాలివాన తరువాత కరెంటు వచ్చిన వెంటనే ప్లగ్గు పెట్టను, ఒక పావుగంట ఆగుతాను. ఉరుముల సమయంలో కరెంటు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ తీగనూ తీసేస్తాను. స్తంభం మీది పెట్టె నుంచి రాగి ల్యాన్ తీగ నేరుగా ఇంట్లోకి వచ్చేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే యూపీఎస్ కాపలా కాసేది ఒక గుమ్మాన్నే, పిడుగు ఆ రెండో గుమ్మం నుంచి వస్తుంది. ఫైబర్ అయితే ఆ భయం చాలా తక్కువ. పుణెలోని ఐఐటీఎం (వాతావరణ పరిశోధన సంస్థ) వారి దామిని యాప్ ఫోనులో ఉంటే దగ్గరలో పిడుగులు పడుతున్న సంగతి తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారి నుంచి మళ్లీ

అందరికీ కృతజ్ఞతలు. నిన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఎర్త్ గుంత మా ఇంటి వెనక గిన్నెలు కడిగే చోట ఉంది. మూత తీసి చూస్తే పైపుకు బిగించిన క్లాంపు తుప్పు పట్టి, తీగ దానికి అంటీ అంటనట్లు పక్కన పడి ఉంది. ముట్టుకోగానే విడిపోయింది. ఎన్నేళ్లుగా అలా ఉందో తెలియదు. కొత్త క్లాంపు వేసి, గుంతలో నీళ్లు పోయించి, బోర్డు దగ్గర ప్రొటెక్టర్ కూడా బిగించారు. ఇప్పుడు కంప్యూటర్ వెనక చెయ్యి పెడితే జిల్లుమనడం పూర్తిగా పోయింది. పాత స్పైక్ గార్డును ఆయన విప్పి చూపించారు, లోపలి బిళ్ల రెండుగా పగిలి ఉంది.

మా ఇన్వర్టర్ సైన్ వేవ్‌దేనని దాని కాగితాల్లో రాసి ఉంది కాబట్టి ఆ లైను మీదనే యూపీఎస్ పెట్టుకుంటాను. యూపీఎస్ వెనక నాలుగు సాకెట్లు ఉన్నాయి, లేజర్ ప్రింటర్‌ను కూడా దానికే తగిలించవచ్చా? బ్యాటరీ ఎన్నాళ్లు వస్తుంది?

జవాబు 2 నుంచి మళ్లీ

లేజర్ ప్రింటర్‌ను మాత్రం తగిలించవద్దు. కాగితం మీద పొడిని కరిగించే రోలరు వేడెక్కేటప్పుడు అది ఒక్కసారిగా కొన్ని వందల వాట్లు లాగి యూపీఎస్‌ను ఆపేస్తుంది. అదే కారణంతో ఇన్వర్టర్ లైనుకు కూడా ఇవ్వవద్దు, దానిని విడిగా గోడ ప్లగ్గుకు పెట్టండి. మిగిలిన సాకెట్‌లో రౌటర్ పెట్టుకోండి.

బ్యాటరీ రెండు నుంచి నాలుగేళ్లు వస్తుంది, వేడి దానికి మొదటి శత్రువు. 25 డిగ్రీల దగ్గర రావలసిన ఆయుష్షు, అంతకు పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగానికి పడిపోతుంది. మన మే నెలలో బల్ల కింద గోడకు ఆనించి, పైన గుడ్డ కప్పిన యూపీఎస్ ఏడాదిన్నరకే చేతులెత్తేయడం నేను చూస్తూనే ఉంటాను, అందువల్ల చుట్టూ గాలి ఆడనివ్వండి. మూడు నెలలకొకసారి పని భద్రపరచుకొని, యూపీఎస్‌కు వెళ్లే స్విచ్చి ఆపి ఎన్ని నిమిషాలు నిలుస్తుందో చూసి గోడ క్యాలెండరు మీద రాసుకోండి. పదిహేను నుంచి అయిదుకు పడిపోయిన రోజున కొత్త బ్యాటరీ తెచ్చుకోవాలి. కొనేటప్పుడు దుకాణంలో ఏడాదిగా మూలన పడి ఉన్నది కాకుండా ఇటీవల తయారైనదే అడగండి. పాతదానిని చెత్తలో వేయకుండా అదే దుకాణంలో ఇస్తే దాని సీసానికి కొంత ధర తగ్గిస్తారు.