అప్‌డేట్: ఫ్యాక్టరీ పర్మిషన్ కాపీ చేతికొచ్చింది

మా ఊరి పక్క ఫ్యాక్టరీ అర్ధరాత్రి దాటాక నల్లపొగ వదులుతోంది, దానికి పర్మిషన్ ఉందో లేదో ఎలా తెలుసుకోవాలని ఆ మధ్య అడిగాను కదా. మీరు చెప్పినట్టే 10 రూపాయలు కట్టి సమాచార హక్కు దరఖాస్తు పెట్టాను. 30 రోజుల గడువు, 28వ రోజున కాపీ వచ్చింది.

పర్మిషన్ ఉంది! 1981 వాయు చట్టం (గాలి కాలుష్యాన్ని అరికట్టే చట్టం) సెక్షన్ 21 కింద రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చింది. కానీ అసలు సంగతంతా షరతుల్లోనే ఉంది. బాయిలర్ చిమ్నీలో ధూళి ఘనపు మీటరుకు 115 మిల్లీగ్రాములు దాటకూడదట, బ్యాగ్ ఫిల్టర్ (పొగలోని ధూళిని గుడ్డ సంచులతో పట్టేసే పరికరం) ఎప్పుడూ నడవాలట. రాత్రిళ్లు దాన్ని ఆపేస్తున్నారనే మా అనుమానం. ఇప్పుడు తేదీ, టైమ్ పడేలా వీడియోలు తీస్తున్నాం. నిద్ర పాడైనా సరే. షరతు తప్పితే పర్మిషన్ రద్దు చేయొచ్చు, అయితే ముందు వాళ్ల వాదన వినాలి. అందుకే రాత్రిపూట తనిఖీ చేయమని మండలికి రాసిచ్చాం.