లిలీ బార్ట్ ఆ ఉత్తరాలు వాడుకుని ఉండాల్సిందా?

నీలికలం:
ఈడిత్ వార్టన్ నవల ‘ది హౌస్ ఆఫ్ మర్త్’ (1905) చదివినవాళ్లని ఒక మాట అడగాలనుంది. చదవనివాళ్ల కోసం ముందు కథ చెప్తాను. న్యూయార్క్ డబ్బున్నవాళ్ల మధ్య పెరిగిన లిలీ బార్ట్‌కి కథ మొదలయ్యేసరికి 29 ఏళ్లు. తండ్రి దివాలా తీసి పోయాడు, తర్వాత తల్లీ పోయింది. మేనత్త పంచన ఉంటోంది. గొప్పింటి సంబంధం చూసుకుని స్థిరపడడం తప్ప ఆమెకి ఎవరూ ఏమీ నేర్పలేదు.

బెర్తా డోర్సెట్ అనే పెద్దింటి ఇల్లాలు తన గుట్టు దాచుకోవడానికి లిలీ మీద నింద వేస్తుంది. మాంటే కార్లోలో విందు ముగిశాక అందరూ వింటుండగా, “మిస్ బార్ట్ మా ఓడకి తిరిగి రావడం లేదు” అనేస్తుంది. అంతే, న్యూయార్క్‌లో లిలీని పిలిచే ఇల్లు ఉండదు. అయితే ఇదే బెర్తా ఒకప్పుడు లారెన్స్ సెల్డెన్ అనే, లిలీ మనసుపడ్డ లాయరుకి రాసిన ప్రేమలేఖలు లిలీ చేతిలో ఉన్నాయి. సెల్డెన్ ఉండే భవనంలో మెట్లు కడిగే ఆవిడ వాటిని తెచ్చి అమ్మింది. కొన్ని చిరిగి ముక్కలైతే సన్నటి కాగితం పట్టీలతో అతికించి ఉన్నాయి. వాటిని ఒక్కసారి చూపిస్తే బెర్తా దారికొచ్చేది. లిలీ వాటిని కాల్చేసింది. చివరికి అద్దె గదిలో, నిద్రమందు ఎక్కువై చనిపోయింది.

నా మటుకు నాకు, ఆమె వాటిని వాడాల్సింది. తన గొంతు కోసినదాని పరువు కోసం ప్రాణం పోగొట్టుకోవడాన్ని గొప్పతనం అనలేను.

మధ్యతరగతి పాఠకురాలు:
నీలికలం గారితో ఏకీభవిస్తున్నాను. ఇంకో మాట కూడా. లిలీ టోపీల దుకాణంలో పనికి కుదిరిన అధ్యాయం మళ్లీ చదవండి. టోపీకి కుట్టాల్సిన తళుకులన్నీ వంకరపోతాయి. పెద్ద పనావిడ అందరి ముందూ చీవాట్లు పెడుతుంది. పక్కన కూర్చున్న అమ్మాయిలు అదే పని చకచకా చేసేస్తుంటారు. కొన్నాళ్లకి ఆ పనీ పోతుంది. అలాంటి మనిషికి ఆత్మగౌరవం ఒక్కటే మిగిల్చి “ఎంత ఉదాత్తంగా చనిపోయిందో” అని మనం కళ్లు తుడుచుకుంటే ఎలా? ఒకప్పుడు ఆమెని పెళ్లాడతానన్న డబ్బున్న వ్యాపారి రోజ్‌డేల్ మామూలు వ్యాపారపు అప్పులాగా డబ్బు ఇస్తానన్నాడు. అదీ వద్దంది.

నల్లకోటు:
ఇక్కడ చట్టం సంగతి చెప్పాలి. న్యూయార్క్ రాష్ట్రంలో 1966లో చట్టం మార్చేదాకా విడాకులకి వ్యభిచారం ఒక్కటే కారణం. బెర్తా భర్త జార్జ్ డోర్సెట్ లిలీ వెంటపడి “నీకు తెలిసింది చెప్పు చాలు” అని ప్రాధేయపడేది అందుకే. రుజువు దొరికితే అతనికి విముక్తి, లిలీకి అతనితో పెళ్లి. ఆమె నోరు విప్పలేదు.

ఆ ఉత్తరాలు బయటికొస్తే బెర్తాతో పాటు సెల్డెన్ పేరు కూడా బజారున పడేది. కాబట్టి లిలీ కాపాడింది బెర్తా పరువు అనడం సరికాదు. ఆమె కాపాడింది సెల్డెన్‌ని.

తుంగభద్ర:
నల్లకోటు గారు చెప్పింది నిజమే. అయినా నేను లిలీ పక్షం వహించడానికి అది ఒక్కటే కారణం కాదు.

ఉత్తరాలు వాడితే ఏమొచ్చేదో చూడండి. రోజ్‌డేల్ షరతు ఏమిటి? ముందు బెర్తాతో రాజీపడు, ఆవిడ అండ మళ్లీ సంపాదించు, అప్పుడు పెళ్లి చేసుకుంటాను అని. అంటే లిలీ మళ్లీ బెర్తా బల్ల దగ్గర కూర్చుని నవ్వుతూ భోంచేయాలి. బెర్తా భయపడుతూ నవ్వాలి, లిలీ భయపెడుతూ నవ్వాలి, బతికున్నన్నాళ్లూ ఇదే. దీన్ని మీరు బయటపడటం అంటారా?

పైగా ఆమెకి కోరిక లేక కాదు. ఉత్తరాలు బట్టల్లో దాచుకుని, వానలో, బెర్తా ఇంటికే బయలుదేరింది. దారిలో సెల్డెన్ ఇల్లు కనబడితే పైకి వెళ్లింది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆ కట్టని నిప్పులో పడేసింది. అతను సరిగ్గా గమనించను కూడా లేదు. చూసి మెచ్చుకునేవాళ్లు లేని చోట చేసిన పని అది. ఇక చివరి రాత్రి లెక్క. మేనత్త వీలునామా ప్రకారం రావలసిన 10,000 డాలర్ల చెక్కు ఆ రోజే చేతికొచ్చింది. లిలీ స్నేహితురాలి భర్త గస్ ట్రెనర్, నీ డబ్బు మదుపు పెట్టి లాభం తెచ్చానని నమ్మించి తన సొమ్మే ఇచ్చాడు, సుమారు 9,000. దానికి బదులుగా ఆమె నుంచి ఏం ఆశించాడో తర్వాత గానీ ఆమెకి తెలియలేదు. ఆ బాకీ మొత్తానికి చెక్కు రాసి, కవరులో పెట్టి, అప్పుడు పడుకుంది.

మంచి పని చేయడానికి కూడా డబ్బు కావాలనే ప్రపంచంలో ఆమె డబ్బు లేకుండా చేసింది. దాన్ని తెలివితక్కువతనం అనడానికి నాకు మనసొప్పదు.

పాతపేజీలు:
మీరంతా లిలీని అడుగుతున్నారు, నేను రచయిత్రిని అడుగుతాను. 1904 డిసెంబరులో వార్టన్ తనకి తెలిసిన డాక్టరుకి ఉత్తరం రాసి, తన స్నేహితురాలు చనిపోదామనుకుంటోందని, నొప్పి లేని మార్గం ఏదని వాకబు చేసింది. ఆ స్నేహితురాలు ఈ నవల నాయికే. ఆ ఉత్తరం 2007లో వెలుగులోకి వచ్చింది. అంటే లిలీ చావు ముందే ఖాయం.

టాల్‌స్టాయ్ అన్నా కరేనినానీ రైలు కింద పడేశాడు. ఆ నవలలోనే ప్రిన్సెస్ బెట్సీకి ప్రియుడున్నాడు, అన్నాకి అన్నయ్య అయిన స్తీవా తన భార్యని మోసం చేస్తూనే ఉంటాడు. వాళ్లకి ఏమీ కాదు. చాటుమాటుగా ఉన్నవాళ్లు బాగున్నారు, దాచనిది పోయింది. ఈ నవలాకారులకి బతికే ఆడది ఎందుకు పనికిరాదు?

తుంగభద్ర:
పాతపేజీలు గారూ, వార్టన్ తన ఆత్మకథలో (1934) దీనికి దాదాపు సమాధానం ఇచ్చింది. పైపై మెరుగుల సమాజం గురించి రాసి లాభమేముంది, అది దేన్ని నాశనం చేస్తుందో చూపిస్తేనే కథకి బరువు అన్నది ఆవిడ అభిప్రాయం. ఆవిడ పరాయి మనిషి కూడా కాదు, 1862లో అదే పాత న్యూయార్క్ కుటుంబాల్లో పుట్టింది.

నీలికలం:
ఒప్పుకుంటాను, కానీ ఆ బరువు ఎప్పుడూ ఆడదాని భుజం మీదే పడుతుందన్న బాధ నాకు పోలేదు. సెల్డెన్‌కి ఏం నష్టం జరిగింది?

తుంగభద్ర:
ఏమీ లేదు, అదే నా కోపం. చివరి అధ్యాయంలో లిలీ గదిలో ట్రెనర్ పేరు రాసిన కవరు కనబడగానే, శవం పక్కనుండగానే, సెల్డెన్‌కి మళ్లీ వాళ్లిద్దరి మధ్య ఏదో ఉందన్న పాత అనుమానమే వస్తుంది. చెక్కు తాలూకు లెక్క చూశాక గానీ పోదు. ఉత్తరాల సంగతి అతనికి ఎప్పటికీ తెలియదు. “పిరికివాడైన మంచివాడు” అని అతన్ని వెనకేసుకొచ్చేవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, ఆ పేజీ చదివి రాయండి. నేను జవాబిస్తాను.