రివ్యూయర్ "థియరీ ఏది?" అని అడిగాడు, మన ఫీల్డ్‌కి అది నిజంగా అవసరమా?

పులిహోర_కోడర్:
సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో పీహెచ్‌డీ, రెండో ఏడాది. గిట్‌హబ్ నుంచి పుల్ రిక్వెస్టులు (నా కోడ్ మార్పు చూసి కలపండి అని పంపేవి) లాగి రివ్యూ ఎక్కడ లేటవుతోందో చూశా, వేరే టీమ్ మాడ్యూల్‌ని ముట్టుకునే మార్పులకి ఎక్కువ టైమ్ పడుతోందని తేలింది, పీ వాల్యూ (ఇది ఊరికే కాకతాళీయమా అని చూసే లెక్క) కూడా బానే వచ్చింది. పేపర్ పంపితే ఒకాయన "కోరిలేషన్ సరే, థియరీ ఏది" అని, అంటే రెండూ కలిసి కనిపిస్తున్నాయి సరే, ఎందుకో చెప్పే వివరణ ఏది అని, ఒక్క ముక్క రాసి రిజెక్ట్ కొట్టాడు. మా గైడ్ గారేమో రిలేటెడ్ వర్క్‌లో ఏదో ఒక థియరీ పేరు పెట్టేయమంటున్నారు. మనది ఇంజనీరింగే కదా, ఫిజిక్స్ కాదుగా?

మర్జ్_మావయ్య:
నీ రిజల్ట్‌కి థియరీ 1968లోనే ఉంది తమ్ముడూ. మెల్విన్ కాన్వే చెప్పింది అదేగా, సంస్థలో ఎవరు ఎవరితో మాట్లాడుకుంటారో ఆ ఆకారమే వాళ్ళు కట్టే సిస్టమ్‌కీ వస్తుందని. చాలాకాలం అది క్యాంటీన్ సామెతలాగే తిరిగింది. 2008లో నాగప్పన్, మర్ఫీ, బసిలి విండోస్ విస్టా డేటా మీద చూశారు, ఒక బైనరీలో (కోడ్ నుంచి తయారైన ప్రోగ్రామ్ ఫైల్) ఎంతమంది చెయ్యి పెట్టారు, వాళ్ళలో ఎంతమంది కంపెనీ వదిలి వెళ్ళారు ఇలాంటి లెక్కలతో ఏది ఫెయిలవుతుందో ఊహిస్తే, కోడ్ చర్న్ (కోడ్ ఎంత మారింది), కాంప్లెక్సిటీ (కోడ్ ఎంత చిక్కుగా ఉంది) లెక్కల కంటే బాగా పట్టింది.
ఇప్పుడు నీ సంగతి. లేటుకి కారణం రెండు టీమ్‌ల మధ్య మాటల్లేకపోవడమే అయితే, ముందే ఒకే ఇష్యూలో (గిట్‌హబ్‌లో ఒక సమస్య మీద చర్చ) కామెంట్లు రాసుకున్నవాళ్ళ మధ్య లేటు తగ్గాలి. తగ్గలేదంటే నీ కేస్‌లో కారణం ఇంకేదో. ఆ చెక్ నీ పేపర్లో లేదు, రివ్యూయర్ అడిగింది అదే అనుకుంటా.

పాత_జావా:
పదిహేనేళ్ళ సర్వీసు నాది, థియరీ చదివి ఒక్క బగ్గు ఫిక్స్ చేసినోణ్ణి చూడలా. లేటైన ప్రాజెక్టులోకి ఇంకో ఆరుగురిని తోసి ఇంకా లేటు చేసిన మేనేజర్లని మాత్రం బోల్డు మందిని చూశా 😂

నల్_పాయింటర్_అక్క:
అన్నా, మీరు చెప్పిందే ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో 'ది మిథికల్ మ్యాన్-మంత్' పుస్తకంలో రాశాడు, అదీ థియరీయే! కొత్తవాళ్ళకి నేర్పే టైమ్ ఒకటి, మాట్లాడుకోవాల్సిన జంటలు ఇంకొకటి, 5 మందికి 10 జంటలైతే 10 మందికి 45. ఎందుకో చెప్తోంది కాబట్టే ఎక్కడ వర్తించదో కూడా తెలుస్తుంది, వరినాట్లలాగా ఎవరి వరస వాళ్ళు వేసుకుపోయే పనైతే మనుషుల్ని కలిపినా నడుస్తుంది.
@పులిహోర, పేరు అతికించడం మాత్రం వద్దు. 2007లో హానే, షోబెర్గ్, డీబో 103 ప్రయోగాల పేపర్లు తిరగేస్తే థియరీ వాడినవి 24. అంటే లేకుండా పబ్లిష్ అవ్వొచ్చు, నిజమే, కానీ వచ్చిన రిజల్ట్ ఇంకో ప్రాజెక్టులో పనిచేస్తుందా అంటే జవాబుండదు.

పులిహోర_కోడర్:
థాంక్స్ అందరికీ. ఇష్యూ కామెంట్లు నా దగ్గరే ఉన్నాయి, ఈ వీకెండ్ రన్ చేస్తా. పైగా వేరే మాడ్యూల్‌ని ముట్టుకునే మార్పులు ఊరికే పెద్దవి కూడా కావచ్చు కదా, సైజు ప్రభావం విడదీసి చూడలేదని ఇప్పుడే వెలిగింది 🤦 గైడ్ గారికి ఎలా చెప్పాలన్నది ఇంకో థ్రెడ్ వేస్తా.