స్పానిష్ మేజర్ చేస్తానంటోంది మా అమ్మాయి, ప్లాన్ ఎలా వేసుకోవాలి?

టెక్సస్ అమ్మ:
అందరికీ నమస్కారం. అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్, ఆగస్టులో కాలేజీ మొదలు. పోయినేడాది ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే రాసే కాలేజీ స్థాయి పరీక్ష) స్పానిష్ లాంగ్వేజ్‌లో 5 కి 4 వచ్చింది. నిన్నటిదాకా బయాలజీ మేజర్ (డిగ్రీలో ముఖ్య సబ్జెక్టు), ప్రీ-మెడ్ (మెడికల్ స్కూల్‌కి ముందు చదవాల్సిన సబ్జెక్టులు) అంది. ఇప్పుడేమో స్పానిష్ మేజర్ చేస్తా, ప్రీ-మెడ్ సబ్జెక్టులు పక్కన లాగించేస్తా, ఒక సెమిస్టర్ స్పెయిన్ కూడా వెళ్తా అంటోంది. "ఇక్కడ సగం ఊరు ఊరికే మాట్లాడే భాషకి ఫీజు కట్టి డిగ్రీ ఏంటి" అని మా ఆయన రెండు రోజులుగా ముభావంగా ఉన్నారు. మెడికల్ స్కూల్‌కి ఇది అడ్డమా? ఏ లెవెల్లో మొదలుపెట్టాలి? స్పెయిన్ ఎప్పుడు? చేసినవాళ్ళెవరైనా ఉంటే కాస్త చెప్పండి.

ఆసుపత్రి దుబాసి:
అక్కా, నేను చేశాను. స్పానిష్ మేజర్ చదివి ఇప్పుడు ఒక ఆసుపత్రిలో ఇంటర్‌ప్రెటర్‌గా చేస్తున్నా, కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదవండి.

ముందు బావగారి మాట. 1980లో ఫ్లోరిడాలో ఒక పద్దెనిమిదేళ్ళ అబ్బాయిని స్పృహ లేకుండా ఆసుపత్రికి తెచ్చారు. ఇంట్లోవాళ్ళు "ఇంతొక్సికాదో" అన్నారు, క్యూబా వాళ్ళ వాడుకలో అంటే తిన్నదేదో పడలేదని. డాక్టర్లకి అది ఇంగ్లిష్ ఇంటాక్సికేటెడ్‌లా వినపడి మత్తుమందు ఎక్కువైందనుకుని ఆ వైద్యమే చేశారు. నిజానికి మెదడులో రక్తస్రావం. అబ్బాయికి కాళ్ళూ చేతులూ పడిపోయాయి, పరిహారం 7.1 కోట్ల డాలర్ల దాకా వెళ్ళింది. సగం ఊరు మాట్లాడుతుంది, నిజమే, కానీ ఆ సమయంలో రెండువైపులా తెలిసినవాళ్ళు పక్కన ఒక్కరు లేరు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లిష్ రాని రోగికి అర్హత ఉన్న ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాల్సిందేనని ఇప్పుడు చట్టమే ఉంది.

మెడికల్ స్కూల్‌కి మేజర్ ఏదైనా పరవాలేదు. బయాలజీ, జనరల్ కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్, వీటి ల్యాబులు, చాలాచోట్ల బయోకెమిస్ట్రీ కూడా, ఇవి ఉండి మార్కులూ, ఎంక్యాట్ అనే మెడికల్ ప్రవేశ పరీక్షా బాగుంటే స్పానిష్ చదివావేంటని ఎవరూ తిప్పి పంపరు. ఇబ్బందంతా టైమ్‌టేబుల్‌ది. అందుకే స్పెయిన్ సెమిస్టర్ ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకుని అక్కణ్ణుంచి వెనక్కి లెక్కపెట్టుకుంటూ రమ్మనండి. ఆర్గానిక్ రెండు సెమిస్టర్లు వరసగా ఉంటుంది, మధ్యలో తెంపితే చాలాచోట్ల మళ్ళీ ఏడాది ఆగాలి. చాలామంది ఎంక్యాట్ మూడో ఏడాది వసంతంలో రాస్తారు కాబట్టి అప్పుడు స్పెయిన్‌లో కూర్చోలేం. మిగిలేవి రెండే: ఆర్గానిక్‌ని రెండో ఏడాదిలోనే ముగించేసి మూడో ఏడాది ఫాల్‌లో వెళ్ళడం, లేదా వేసవి ప్రోగ్రామ్. డిగ్రీ అయ్యాక ఒక ఏడాది ఆగి మెడికల్ స్కూల్‌కి వెళ్ళే పిల్లలు ఇప్పుడు బోలెడుమంది, ఆ దారైతే ఇంత హడావిడే ఉండదు.

ఇక లెవెల్. మేజర్ అంటే సుమారుగా 10 నుంచి 12 కోర్సులు, 30-36 క్రెడిట్లు, డిగ్రీ మొత్తం 120లో. బిగినర్ కోర్సులు సాధారణంగా ఈ లెక్కలోకి రావు. ఏపీలో 4 కి క్రెడిట్ బాగానే ఇస్తారు గానీ, ఇచ్చారు కదా అని నేరుగా సాహిత్యం కోర్సులోకి దూకనివ్వకండి, ప్లేస్‌మెంట్ పరీక్ష నిజాయితీగా రాయమనండి (పక్కన గూగుల్ పెట్టుకోకుండా, మేమంతా చేసిన పాపమే అది). మూడో సంవత్సరం స్థాయి వ్యాకరణం, కాంపొజిషన్ కోర్సు ఒకటుంటుంది, పైవాటన్నిటికీ అదే గడప. నేను దాన్ని ఎగ్గొట్టి పైకి వెళ్ళి మొదటి పేపర్‌కి సి తెచ్చుకున్నా.

ఇంకోటి, ఇంట్లో స్పానిష్ మాట్లాడే పిల్లలకి చాలా కాలేజీల్లో విడిగా హెరిటేజ్ కోర్సు ఉంటుంది, ఫారంలో పొరపాటున అది టిక్ చేయొద్దు. నేను వాళ్ళతో ఒక సెమిస్టర్ కూర్చున్నా. వాళ్ళ మాట ఏరులా పారేది, నాకు నోరు పెగిలేది కాదు. కానీ "అబేర్" అని ఒకేలా పలికే రెండు వేరువేరు మాటల దగ్గర వాళ్ళు స్పెల్లింగ్ తప్పేవాళ్ళు, నేను తప్పేదాన్ని కాదు. వాళ్ళకి నేను స్పెల్లింగ్, నాకు వాళ్ళు మాట, అలా గట్టెక్కాం.

తెలుగు పిల్ల కాబట్టి కొన్ని కలిసొస్తాయి. "మే గుస్తా ఎల్ కఫే" అంటే నాకు కాఫీ ఇష్టం, వాక్యం మన అచ్చులోనే పోసినట్టుంటుంది, ఇంగ్లిష్ పిల్లలు దీని దగ్గరే తన్నుకుంటారు. తూ, ఉస్తేద్ అంటే నువ్వు, మీరు. క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది కనుక "నేను" అక్కర్లేదు. టాకో కాదు, తాకో, మనకి ట, త వేరే కాబట్టి ఆ కష్టమూ లేదు. పెరో అంటే కానీ, పెర్రో అంటే కుక్క, ఇదీ మనకి లెక్క కాదు. దెబ్బ తినేది ఎక్కడంటే బల్ల ఆడది, చెయ్యి ఆడది, సమస్య మగది అనే లింగాల దగ్గర, ఆపైన సబ్‌జంక్టివ్ (కోరిక, అనుమానం లాంటివి చెప్పేటప్పుడు మారే క్రియారూపం) దగ్గర. సబ్‌జంక్టివ్ నాకు రెండేళ్ళు పట్టింది.

న్యూజెర్సీ నాన్న:
అన్నీ బాగా చెప్పారమ్మా. ఒక్కటి మిస్సయింది. అమ్మాయి సిటిజనా, హెచ్4 (హెచ్1బీ వాళ్ళ కుటుంబానికిచ్చే వీసా) మీద ఉందా? హెచ్4 అయితే 21 నిండేలోపే ఎఫ్1 స్టూడెంట్ వీసాకి మారాలి, ఫెడరల్ సాయం రాదు. చదువయ్యాక ఓపీటీ (ఎఫ్1 వాళ్ళకి ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలే, ఆ 24 నెలల పొడిగింపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) డిగ్రీలకి మాత్రమే, స్పానిష్‌కి లేదు. స్పెయిన్ వెళ్ళి తిరిగి రావాలంటే మళ్ళీ వీసా స్టాంపింగ్. ఆ కేసులో నేనైతే స్టెమ్ మేజర్ ఒకటి పక్కన పెట్టమంటా, డబుల్ మేజర్. సలహా ఇచ్చేవాళ్ళు ముందు అడగాల్సింది ఇదే, మనవాళ్ళే అడగరు.

టెక్సస్ అమ్మ:
ఇక్కడే పుట్టిందండీ, సిటిజన్. ఆ టెన్షన్ లేదు. మెడిసిన్ రాకపోతేనో, మధ్యలో మనసు మారితేనో?

ఆసుపత్రి దుబాసి:
ఆసుపత్రి ఇంటర్‌ప్రెటర్ సర్టిఫికేషన్ ఇచ్చే సంస్థలు రెండున్నాయి, సీసీహెచ్ఐ, ఎన్‌బీసీఎంఐ. డిగ్రీ ఉన్నా 40 గంటల శిక్షణ విడిగా చేయాలి, డిగ్రీలో వైద్య పదాలు నేర్పరు మరి. ఫెడరల్ కోర్టుల సర్టిఫికేషన్ పరీక్ష ప్రస్తుతం స్పానిష్‌కి మాత్రమే ఉంది, చాలా కష్టం, అందుకే విలువ. టీచర్ అవ్వాలంటే మాట్లాడే పరీక్షలో "అడ్వాన్స్‌డ్-లో" (అడ్వాన్స్‌డ్‌లో కింది మెట్టు) స్థాయి చాలా రాష్ట్రాలు అడుగుతాయి, క్లాసులతోనే అది రాదు, అక్కడికి వెళ్ళి ఉండాలి. డిగ్రీ అవ్వగానే స్పెయిన్ ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ సహాయకులుగా తీసుకునే ప్రోగ్రామ్ కూడా ఉంది, నెలకి స్టైపెండ్ ఇస్తారు, అమెరికా పౌరసత్వం ఉంది కాబట్టి ఆమెకి పనికొస్తుంది.

హైదరాబాద్ కుర్రాడు:
మధ్యలో దూరుతున్నా, సారీ. ఇక్కడ చదవాలంటే ఇఫ్లూలో (హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) బీఏ ఆనర్స్ స్పానిష్ ఉంది, ఢిల్లీలో జేఎన్‌యూలో కూడా. నేను ఇఫ్లూకి ప్రయత్నిస్తున్నా. స్పానిష్ ఎంత వచ్చో తేల్చే సర్టిఫికెట్లలో డెలె పరీక్ష రాయాలా, సియెలె చాలా?

ఆసుపత్రి దుబాసి:
తమ్ముడూ, డెలెకి గడువు లేదు, ఒకసారి పాసైతే ఎప్పటికీ చెల్లుతుంది, కానీ ఒక్కో స్థాయికి విడిగా రాయాలి. సియెలె సర్టిఫికెట్ ఐదేళ్ళే. తొందరేం లేదు, బీ2 (ఆరు మెట్లలో నాలుగోది) వచ్చాక డెలె రాయి, ఏ1 (మొదటి మెట్టు) కి డబ్బు తగలెయ్యకు. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వం నడిపే సెర్వాంతెస్ సంస్థ ఉంది, పరీక్ష తేదీలు వాళ్ళ దగ్గర చూసుకో.

టెక్సస్ అమ్మ:
చాలా థాంక్స్ అమ్మా. మా ఆయనకి ఆ ఫ్లోరిడా సంగతి చదివి వినిపించా, ఏమీ అనలేదు, కానీ స్పెయిన్‌లో ఏ ఊరు మంచిదో కనుక్కో అన్నారు.

ఆసుపత్రి దుబాసి:
ఎక్కువమంది మాడ్రిడ్, బార్సిలోనా అంటారు. నేనైతే సలమాంకా, గ్రనాదా లాంటి చిన్న ఊళ్ళకే ఓటు. బార్సిలోనాలో అక్కడి ప్రాంతీయ భాష కతలాన్ కూడా నడుస్తుంది, పైగా టూరిస్టులు నిండిన చోట ఇంగ్లిష్‌తోనే రోజు గడిచిపోతుంది. సలమాంకా విశ్వవిద్యాలయం 1218 నాటిది, ఊరంతా విద్యార్థులే. హాస్టల్ వద్దు, ఎవరైనా పెద్దావిడ ఇంట్లో ఉండే ఏర్పాటు తీసుకోమనండి. ఆవిడ పెట్టే తిండికీ తిట్లకీ భాష దానంతటదే వస్తుంది.

ఇంకోటి, వెళ్ళే ముందే అక్కడి ఒక్కో కోర్సు ఇక్కడ మేజర్‌లో దేనికింద లెక్కవుతుందో డిపార్ట్‌మెంట్ అడ్వైజర్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోమనండి. నేను నోటిమాట నమ్మి వెళ్ళా, తిరిగొచ్చేసరికి ఆ అడ్వైజర్ మారిపోయారు, రెండు కోర్సులు ఉత్త ఎలెక్టివ్‌లుగా మిగిలాయి. ప్రతి కోర్సు సిలబస్ కూడా పీడీఎఫ్‌గా దాచుకోమనండి. లింక్ దాచుకుంటే చాలదు, అవి ఏడాదిలో మాయమైపోతాయి.